పెరిగింది పొడవా, వెడల్పా, వాపా: పాదాల కొలత ప్రాజెక్టు డైరీ

కొండపల్లి కోట దారి, మంగళగిరి మెట్లు, గుణదల కొండ, కొండవీడు. విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల ఈ కొండలు తరచూ ఎక్కేవాళ్లలో నలభై అయిదు దాటినవాళ్లను కదిపితే ఒకటే మాట వస్తుంది: "ఇదివరకు ఏడో నంబరు సరిపోయేది, ఇప్పుడు ఎనిమిది కూడా బిగుస్తోంది." అది భ్రమేం కాదు. వయసుతోనూ, ఎక్కువ నడకతోనూ పాదం పెద్దదవుతుంది. కాకపోతే అన్ని పాదాలూ ఒకేలా పెద్దవి కావు. కొందరికి వంపు దిగి పొడవు సాగుతుంది. కొందరికి ముందు భాగం పరుచుకుంటుంది. కొందరికి సాయంత్రానికి ఉబ్బి, తెల్లారేసరికి తగ్గిపోతుంది. ఇంకొందరికి కాలు ఉన్నట్టే ఉండి బూటే కుంచించుకుపోతుంది. ఒక నంబరు పెద్దది కొనేస్తే వీటిలో మొదటిదానికి మాత్రమే, అదీ కొంతవరకే, పనికొస్తుంది.

ఎవరి విషయంలో ఏది జరిగిందో తేల్చుకోవడానికి ఒక కొలత బోర్డు, ఒక నీళ్ల తొట్టి, ఒక రిజిస్టరు. ఇదీ ఈ ప్రాజెక్టు. బోర్డు పని చలికాలంలోనూ, తొట్టి పని వేసవిలోనూ సాగింది.

కార్తీకం: బోర్డు

చెప్పుల దుకాణాల్లో వాడే లోహపు కొలత పరికరాన్ని 1920ల్లో అమెరికాలోని సిరక్యూస్‌లో చార్లెస్ బ్రానక్ తయారుచేశాడు. దాని గొప్పతనం మూడు కొలతలు తీయడంలో ఉంది: మడమ నుంచి వేలి కొస దాకా, మడమ నుంచి బొటనవేలి మొదట్లో ఉండే ఎముక బుడిపె దాకా, ఆ తర్వాత వెడల్పు. మన దుకాణాల్లో మొదటిది తీస్తే గొప్ప. ఆ మూడూ తీసే బోర్డును వడ్రంగి దగ్గర మిగిలిన ముక్కలతోనే చేసుకోవచ్చు.

కావలసినవి: 12 మి.మీ. ప్లైవుడ్ ముక్కలు రెండు, ఒక్కొక్కటి 40 సెం.మీ. పొడవు, 18 సెం.మీ. వెడల్పు. మడమ ఆనించడానికి 6 సెం.మీ. ఎత్తున్న చెక్క దిమ్మె. 30 సెం.మీ. స్టీలు స్కేలు. అటూ ఇటూ జరపడానికి సాఫీ చేసిన చిన్న చెక్క దిమ్మెలు రెండు. ఫెవికాల్, నాలుగు స్క్రూలు.

దిమ్మెను బోర్డు ఒక చివర సరిగ్గా లంబంగా బిగించాలి. వడ్రంగి మూలమట్టం పెట్టి చూస్తే సందు కనపడకూడదు. దిమ్మె ఏమాత్రం వెనక్కి వాలినా మడమ గుండ్రం అందులోకి జారి పొడవు తక్కువ చూపిస్తుంది. స్కేలు అతికించేటప్పుడు సున్నా గీత దిమ్మె ముఖానికి తగలాలి. చాలా స్టీలు స్కేళ్లకు సున్నా కొసనే ఉంటుంది కానీ కొన్నిటికి ముందు రెండు మూడు మిల్లీమీటర్ల ఖాళీ అంచు ఉంటుంది. దాన్ని ఆకురాయితో అరగదీయాలి, లేదా దిమ్మె కిందికి దూర్చాలి.

రెండో ప్లైవుడ్ ముక్క ఎందుకంటే, కొలవని కాలి కింద పెట్టడానికి. ఒక్క కాలు మాత్రమే 12 మి.మీ. ఎత్తు మీద ఉంటే ఒళ్లు కింద ఉన్న కాలి మీదికి వాలుతుంది, కొలిచే కాలి మీద సగం బరువు పడదు. బరువు పడనిదే వంపు దిగదు, వంపు దిగనిదే అసలు పొడవు తెలియదు. కూర్చున్నప్పటికీ నిలబడినప్పటికీ ఒకే పాదంలో కొన్ని మిల్లీమీటర్ల తేడా రావడం మామూలే. కొండ మీద నడిచేది నిలబడిన పాదమే కాబట్టి రిజిస్టరులోకి నిలబడిన కొలతే ఎక్కుతుంది.

కాగితం మీద పెన్సిలుతో గీసి కొలిచే పద్ధతిని మొదటే పక్కన పెట్టాం. మామూలు పెన్సిలు మందం సుమారు 7 మి.మీ. నిలువుగా పట్టుకుని గీసినా గీత పాదానికి మూడున్నర మి.మీ. అవతల పడుతుంది. మడమ వైపు మూడున్నర, వేలి వైపు మూడున్నర, మొత్తం 7. బ్రిటిష్ నంబర్లలో ఒక నంబరుకూ ఇంకో నంబరుకూ తేడా అంగుళంలో మూడో వంతు, అంటే 8.46 మి.మీ. పెన్సిలు మందమే దాదాపు ఒక నంబరు మింగేస్తోందన్నమాట. ఆన్‌లైన్‌లో బూట్లు కొని "చార్టు ప్రకారమే కొన్నా, లూజుగా వచ్చాయి" అని వాపసు చేసేవాళ్లలో చాలామంది కథ ఇదే అయ్యుంటుంది. పెన్సిలు లోపలికి వాలితే లెక్క అటు తిరుగుతుంది, బిగుతు బూట్లు వస్తాయి.

కొలిచే తీరు

మడమ దిమ్మెకు ఆనాలి. మోకాలు వంగకూడదు. చూపు ఎదురుగా గోడ మీద ఉండాలి. ఇది చెప్పినంత తేలిక కాదు. కొలిపించుకునే ప్రతి మనిషీ "ఎంతొచ్చింది?" అని కిందికి వంగి చూస్తాడు. వంగగానే బరువు వేళ్ల మీదికి వెళ్లి మడమ దిమ్మెను వదిలేస్తుంది. అందుకే చదివేవాళ్లు వేరే ఉండాలి, చదివేవాళ్లు తల నేలదాకా దించి గీతకు సూటిగా చూడాలి. పైనుంచి ఏటవాలుగా చూస్తే ఒకటి రెండు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతాయి.

పొడవు అన్నిసార్లూ బొటనవేలితో ముగియదు. చాలామందికి రెండో వేలే పొడుగు. ముడుచుకుపోయిన వేళ్లుంటే మెల్లగా అదిమి సాఫీ చేయాలి. సాఫీ కాని వేలిని అలాగే వదిలి రిజిస్టరులో "ముడుచుకుంది" అని రాయాలి. అలాంటి కాలికి పొడవు కన్నా బూటు ముందు భాగపు ఎత్తు ముఖ్యం.

వెడల్పుకు వెర్నియర్ కాలిపర్ పనికిరాదు. దాని దవడలు కండను నొక్కేస్తాయి. రెండు చెక్క దిమ్మెలను రెండు వైపుల నుంచీ తగిలీ తగలనట్టు జరిపి, వాటి మధ్య దూరం కొలవడమే మేలు. చుట్టుకొలతకు దర్జీలు వాడే టేపే చాలు, అయితే పాత గుడ్డ టేపు సాగి ఉంటుంది, ఒకసారి స్టీలు స్కేలు పక్కన పెట్టి చూసుకోవాలి. టేపు బొటనవేలి బుడిపె మీదుగా, చిటికెనవేలి బుడిపె మీదుగా కొంచెం ఏటవాలుగా పోవాలి. సూటిగా చుడితే వెనక సన్నటి చోటికి జారుతుంది.

ప్రతి కొలతా మూడుసార్లు తీసి మధ్య అంకె రాస్తాం. మూడింటి మధ్య 2 మి.మీ. దాటి తేడా వస్తే మళ్లీ మొదటికి. దాని మీద ఇంకో నియమం: ఏడాది తేడాతో తీసిన రెండు కొలతల మధ్య 3 మి.మీ. కన్నా తక్కువ వస్తే దాన్ని పెరుగుదల అనం. చేతి పొరపాటు అంతే ఉంటుంది.

రిజిస్టరు గడులు: ఎడమ, కుడి వేర్వేరుగా పొడవు, మడమ నుంచి బుడిపె, వెడల్పు, చుట్టుకొలత. పక్కన ఎన్ని గంటలకు తీశాం, ఎండ ఎంత, అంతకుముందు ఏం నడిచారు, వాడే మందులు. ఆడవాళ్లకు అదనంగా ఒక గడి: మెట్టెలు. పాదం ఉబ్బిందా, ఎముకలు పరుచుకున్నాయా అన్నది మెట్టె చెప్పినంత తొందరగా టేపు చెప్పదు. పొద్దున వదులుగా తిరిగే మెట్టె సాయంత్రానికి వేలిమీద గాటు పెడితే అది వాపు. మెట్టె ఎప్పటిలాగే తిరుగుతూ, బూటు మాత్రం బుడిపె దగ్గర నొక్కుతుంటే పరుచుకున్నది ముందుపాదం. కొండెక్కే రోజు మెట్టెలు తీసిపెట్టమనేది వేరే సంగతి: దిగేటప్పుడు వేలు బూటులో ముందుకు జారి, పక్క వేలిని మెట్టె ఒరుసుకుని చర్మం లేస్తుంది. తీయడానికి మనసొప్పనివాళ్లు వేళ్ల మధ్య పలచటి ఉన్ని దూది పెట్టుకుంటే ఒరుపు తగ్గుతుంది.

సంక్రాంతి తర్వాత: వంపు

ఎముకలు పెరగవు. పాదంలో ఉన్న 26 ఎముకల ఎదుగుదల యుక్తవయసుతోనే ఆగిపోతుంది. ఆ తర్వాత మారేది వాటి అమరిక. వాటిని వంపుగా పట్టి ఉంచేవి లిగమెంట్లు, మడమ నుంచి వేళ్ల మొదళ్ల దాకా అరికాలి కింద పరుచుకున్న ప్లాంటార్ ఫేసియా పట్టీ, చీలమండ లోపలి వైపు నుంచి దిగి వంపును పైకి లాగే టిబియాలిస్ పోస్టీరియర్ టెండన్. వయసు మీద పడేకొద్దీ వీటి సాగి ముడుచుకునే గుణం తగ్గుతుంది. సాగినవి సాగినట్టే ఉండిపోతాయి. వంపు దిగితే రెండు కొసల మధ్య దూరం పెరుగుతుంది, పాదం పొడవవుతుంది. ఒంటి బరువు పెరగడం, వీపు మీద సంచి బరువు, రాతి మెట్ల మీద గంటల తరబడి దిగడం ఈ సాగుడును తొందర చేస్తాయి. ఆడవాళ్లలో గర్భంతో ఉన్నప్పుడు హార్మోన్ల ప్రభావం, బరువు రెండూ కలిసి వంపును దించుతాయి. కాన్పు తర్వాత కూడా కొందరికి పాదం పాత పొడవుకు రాదు.

దీన్ని కొలవడానికి పరికరం అక్కర్లేదు. పాదం లోపలి అంచున, చీలమండ ఎముకకు కాస్త ముందు, కాస్త కింద వేలికి తగిలే బుడిపె ఒకటుంటుంది. దాని పేరు నావిక్యులర్. కుర్చీలో కూర్చోబెట్టి, పాదం నేలకు ఆనీ ఆననట్టు ఉంచి, ఆ బుడిపె మీద పెన్నుతో చుక్క పెట్టాలి. పక్కన దళసరి అట్టముక్క నిలువుగా పెట్టి చుక్క ఎత్తు అట్ట మీద గీయాలి. ఇప్పుడు నిలబడమని చెప్పి మళ్లీ అదే చుక్క ఎత్తు గీయాలి. రెండు గీతల మధ్య దూరమే వంపు దిగుడు. 10 మి.మీ. దాటితే ఎక్కువ కిందే లెక్క. నిలబడేటప్పుడు చర్మం జరిగి చుక్క బుడిపె మీదినుంచి తప్పుకుంటుంది. నిలబడ్డాక బుడిపెను మళ్లీ వేలితో తడిమి చూడకపోతే ఈ కొలత వృథా.

తడి కాలితో సిమెంటు నేల మీద అడుగు ముద్ర వేసి వంపు చూసే పద్ధతి చాలామందికి తెలుసు. చూడముచ్చటగా ఉంటుంది, అంతకుమించి నమ్మలేం. అరికాలికి కొవ్వు ఎక్కువగా ఉన్నవాళ్ల ముద్ర చదునుగా పడుతుంది కానీ ఎముకల వంపు ఎత్తుగానే ఉండొచ్చు.

ఇక్కడే మడమ నుంచి బొటనవేలి బుడిపె దాకా తీసిన కొలత అక్కరకొస్తుంది. వంపు దిగినప్పుడు మొదట సాగేది ఆ భాగమే. వేళ్లు పొడవవవు. బూటు అడుగున వంగే చోటు, పాదం వంగే చోటు ఒకదాని మీద ఒకటి పడాలి. బుడిపె ముందుకు జరిగి, బూటు పాత చోటే వంగుతుంటే ఎక్కేటప్పుడు బూటు అరికాలి మధ్యలో మడతపడుతుంది. "నంబరు సరిగ్గానే ఉంది కానీ అరికాలు పీకుతోంది" అనేవాళ్ల రిజిస్టరులో మొదట చూడాల్సిన గడి ఇదే.

చిన్నప్పటి నుంచీ చెప్పుల్లేకుండానో, హవాయి చెప్పులతోనో తిరిగిన మన కాళ్లకు ముందుభాగం మొదటినుంచీ వెడల్పే. చెప్పులో కాలు పెరిగినా తెలియదు. వేళ్లు ముందుకు, మడమ వెనక్కి వేలాడుతాయి, అంతే. ఇంట్లో పాత హవాయి జత ఉంటే తిరగేసి కాకుండా పైనుంచి చూడండి: బొటనవేలి గుంట చెప్పు అంచుకు ఎంత దగ్గరగా ఉందో, మడమ గుంట వెనక అంచును ఎంత తొక్కేసిందో కనపడుతుంది. రిటైరయ్యాక నడకకని జీవితంలో మొదటిసారి బూట్లు కొన్నవాళ్లకు కాళ్లు "హఠాత్తుగా" పెరిగినట్టు అనిపించడానికి కారణం ఇది.

రోహిణి కార్తె: నీళ్ల తొట్టి

వాపును టేపు సగమే పట్టుకుంటుంది. మొత్తం పాదం ఎంత ఉబ్బిందో తెలియాలంటే నీళ్లలో ముంచి, పొర్లిన నీళ్లు తూచాలి. ఒక గ్రాము నీళ్లంటే ఒక మిల్లీలీటరు.

గుండ్రటి పెయింట్ బకెట్ సరిపోదు, అడుగున పెద్ద పాదం పట్టదు. పొడుగ్గా, సన్నగా ఉండే తొట్టి కావాలి. అడుగు 35 సెం.మీ. పొడవు, 15 సెం.మీ. వెడల్పు, లోతు 25 సెం.మీ. ఉంటే మంచిది. వెడల్పు పెరిగేకొద్దీ లెక్క చెడుతుంది. 35 ఇంటూ 15 తొట్టిలో నీటిమట్టం 1 మి.మీ. అటూ ఇటూ అయితేనే 52 మిల్లీలీటర్ల పైచిలుకు తేడా వస్తుంది, అంటే సాయంత్రం వాపు మొత్తం అందులోనే కొట్టుకుపోవచ్చు. కింది నుంచి 20 సెం.మీ. ఎత్తున రంధ్రం చేసి, నీళ్ల ట్యాంకులకు పెట్టే అరంగుళం నిపుల్‌ను రబ్బరు వాషర్లతో బిగించి, బయటికి కిందికి వాలేలా పీవీసీ గొట్టం ముక్క పెట్టాలి. తొట్టి కింద రసమట్టం పెట్టి చూసుకోవాలి.

నీళ్లు గొట్టం మట్టం దాటేదాకా పోసి, పొర్లడం ఆగేదాకా ఆగాలి. ఇక్కడే సహనం కావాలి. నీటికి తలతన్యత ఉంటుంది కాబట్టి గొట్టం మూతి దగ్గర నీళ్లు ఒకసారి ఒక మట్టంలో, ఇంకోసారి ఇంకో మట్టంలో నిలబడతాయి. గిన్నెలు తోమే లిక్విడ్ ఒక చుక్క వేస్తే ఈ పేచీ చాలావరకు తగ్గుతుంది. చుక్కకూ చుక్కకూ మధ్య అయిదు సెకన్లు పట్టేదాకా ఆగి, అప్పుడు కింద ఖాళీ గిన్నె పెట్టాలి. పాదాన్ని మెల్లగా దించి, మడమ తొట్టి వెనక గోడకు తగిలించి, కదలకుండా నిలబడాలి. మళ్లీ చుక్కల మధ్య అయిదు సెకన్లు వచ్చాక గిన్నె తీసి వంటింటి డిజిటల్ త్రాసు మీద తూచాలి. రెండుసార్లు తీస్తే 20 గ్రాములలోపు కలవాలి.

నీళ్ల వేడి చూసుకోకపోతే మొత్తం తారుమారు. చల్లటి నీళ్లలో రక్తనాళాలు ముడుచుకుంటాయి, వేడి నీళ్లలో విప్పారి పాదం అక్కడికక్కడే ఉబ్బుతుంది. మే నెలలో విజయవాడలో మధ్యాహ్నం మేడమీది ట్యాంకు నీళ్లు చెయ్యి పెట్టనివ్వవు. రాత్రే డ్రమ్ములో పట్టి ఇంట్లో నీడన ఉంచిన నీళ్లు వాడాలి, థర్మామీటరుతో 30 డిగ్రీల చుట్టుపక్కల ఉన్నాయో లేదో చూడాలి. మనిషి మనిషికీ నీళ్లు మార్చాలి. వేళ్ల మధ్య పాచినవాళ్లు, పుండ్లున్నవాళ్లు తొట్టి జోలికి రాకూడదు. వాళ్లకు టేపే.

కొండ దగ్గరికి తొట్టి మోసుకుపోలేం. అక్కడికి ఆసుపత్రుల్లో వాడే ఎనిమిది అంకె చుట్టు సరిపోతుంది: టేపును చీలమండ ముందు నుంచి మొదలుపెట్టి, పాదం లోపలి అంచుకు దించి, అరికాలి కింది నుంచి చిటికెనవేలి వైపు అంచుకు తెచ్చి, పైకెక్కించి, లోపలి చీలమండ ఎముక కిందుగా, మడమ వెనక నరం మీదుగా, బయటి చీలమండ ఎముక కిందుగా తిప్పి మొదలుపెట్టిన చోటికి తేవాలి. ఒకే మనిషి ప్రతిసారీ చుడితే అంకె నిలకడగా వస్తుంది.

తీసిన కొలతలు ఎలా చదవాలంటే: తెల్లవారి లేచిన అరగంటలో ఒకటి, కొండ దిగాక ఒకటి, మర్నాడు పొద్దున ఇంకోటి. మూడోది మొదటిదానితో కలిస్తే అది వాపు మాత్రమే, దానికి కొత్త బూట్లు అక్కర్లేదు. మూడోది కలవకుండా రోజురోజుకూ పైకే పోతుంటే అలసట తీరని పాదమనైనా అనుకోవాలి, డాక్టరుకైనా చూపించాలి. చాలా రోజులపాటు వరసగా నడిచే పెద్ద ట్రెక్కుల్లో నంబరు మారేంత పెరిగి, తిరిగొచ్చాక కొంత తగ్గి, కొంత మిగిలిపోవడం నడిచేవాళ్లు తరచూ చెప్పే సంగతే. తగ్గింది వాపు, మిగిలింది వంపు దిగుడు. గుంటూరు నుంచి కోటప్పకొండకు బస్సులో కాళ్లు వేలాడేసుకు కూర్చుని వెళ్లేవాళ్లకు కొండెక్కకముందే వాపు మొదలై ఉంటుంది. బస్సు దిగిన వెంటనే లేసులు విప్పి మళ్లీ కట్టుకోవడం అందుకే.

బూటుకూ కొలత తీయాలి

కాలి వెనకాలే పడి బూటును వదిలేస్తే పని సగమే. స్పోర్ట్స్ బూట్ల అడుగున ఉండే తెల్లటి మెత్తటి నురగ ఈవీఏ. వేడికి అది కుంచించుకుపోతుంది, మళ్లీ సాగదు. ఉతికి మేడమీద మిట్టమధ్యాహ్నం ఆరబెట్టడం, స్కూటరు డిక్కీలో వదిలేయడం, కారు వెనక అద్దం కింద పెట్టడం, ఈ మూడూ మన వేసవిలో బూటును పొట్టిచేసే మార్గాలు. ఇన్‌సోల్ బయటికి తీసి, కొన్న రోజున ఒకసారి, ఆ తర్వాత అప్పుడప్పుడూ పొడవు కొలిచి రాసుకుంటే ఎవరిది తప్పో తెలిసిపోతుంది. ఇన్‌సోల్ బూటులో ముడతపడి ముందు కొస పైకి లేస్తుంటే, పొట్టిదైంది బూటే.

అదే ఇన్‌సోల్‌ను నేల మీద పెట్టి, కొండకు వేసుకునే సాక్స్‌తోనే దాని మీద నిలబడాలి. పొడుగైన వేలికి ముందు 10 నుంచి 12 మి.మీ. ఖాళీ ఉండాలి. పక్కల నుంచి పాదం పొంగి బయటికొస్తుంటే వెడల్పు చాలదని అర్థం. ఈ ఒక్క పరీక్ష దుకాణంలో చేసినా సగం తప్పుడు కొనుగోళ్లు ఆగిపోతాయి. దుకాణంవాళ్లు విసుక్కుంటారు, విసుక్కోనివ్వండి. వెళ్లేది కూడా సాయంత్రమే వెళ్లాలి.

తొలకరి: బూట్ల మీద పని

పొడవు 4 మి.మీ. పెరిగిన కాలును తీసుకుందాం. అది బ్రిటిష్ లెక్కలో దాదాపు అర నంబరు. మన దుకాణాల్లో అర నంబర్లు అరుదు, దొరికేది పైనంబరు, అంటే 8.46 మి.మీ. ముందుకు. ముందు ఖాళీ బాగానే వస్తుంది, మడమ వెనక జారుతుంది. అలాంటప్పుడు మడమ బిగించే లేసు ముడి వేయాలి: పైనుంచి రెండో రంధ్రం దాకా మామూలుగా అల్లి, చివరి రంధ్రంలోకి అదే వైపున నిలువుగా దూర్చి చిన్న ఉచ్చులా వదలాలి. రెండు వైపులా అలా చేసి, ఒక వైపు లేసును అవతలి ఉచ్చులోంచి లాగి, కిందికి గట్టిగా గుంజి ముడేయాలి. పైకి గుంజితే పట్టు రాదు. ఇంకా జారితే సాక్స్ మందం పెంచడం, మడమ దగ్గర 2 మి.మీ. ఫెల్ట్ ముక్క అతికించడం.

పెరిగింది వెడల్పు మాత్రమే అయితే పైనంబరుకు పోవడం తప్పుడు వైద్యం. నంబరు పెంచితే చుట్టుకొలతలో దొరికేది సుమారు పావు అంగుళం, దానికోసం ముందు దాదాపు ముప్పావు సెంటీమీటరుకు పైగా అక్కర్లేని ఖాళీ మోయాలి. బుడిపె వంగే చోటు కూడా తప్పిపోతుంది. వెడల్పు మోడళ్లు, టూఈ, ఫోర్‌ఈ అని రాసినవి, వెతకాలి. చెన్నైలోని కేంద్ర తోలు పరిశోధన సంస్థ 2021 డిసెంబరు నుంచి 2022 మార్చి దాకా దేశంలో లక్ష మందికి పైగా పాదాలు కొలిచి, మన పాదాలు యూరప్, అమెరికా వాళ్లకన్నా వెడల్పని తేల్చి, "భా" అనే సొంత సైజుల పద్ధతిని ప్రతిపాదించింది. బ్రిటిష్ అచ్చుల మీద చేసిన బూటులో మన కాలు నలగడం మీద ఎవరికైనా అనుమానముంటే ఇది చాలు.

చేతిలో ఉన్న జతనే సర్దుకోవాలంటే ముందు ఖర్చులేని పనులు. మొదటి జత రంధ్రాల్లోంచి లేసు తీసేసి రెండో జత నుంచి మొదలుపెడితే ముందుభాగం విచ్చుకుంటుంది. పాదం పైభాగం నొక్కుతుంటే ఆ చోట లేసును అడ్డంగా దాటించకుండా ఏ వైపుది ఆ వైపే నిలువుగా పైరంధ్రంలోకి తీసుకుపోయి, ఆ తర్వాత మళ్లీ అల్లాలి. బొటనవేలి గోరు దగ్గర నుంచి ఒకే లేసు ఏటవాలుగా పైదాకా లాగే పద్ధతి కూడా ప్రచారంలో ఉంది, దాన్ని పెద్దగా నమ్మం. గోరు నల్లబడేది దిగేటప్పుడు పాదం ముందుకు జారి, బూటు గోడకు పదేపదే తగిలి, గోరు కింద రక్తం గడ్డకట్టడం వల్ల. గోళ్లు ముందురోజు అడ్డంగా, పొట్టిగా కత్తిరించి, దిగుడుకు ముందు ఆగి మడమను వెనక్కి కొట్టి లేసు బిగించుకుంటే చాలావరకు పోతుంది. మంగళగిరి మెట్ల లాంటి చోట ఎక్కేటప్పటి బిగుతుతోనే దిగడం తప్పు.

లోపల ఎత్తు చాలకపోతే 5 మి.మీ. ఇన్‌సోల్ తీసి 3 మి.మీ.ది వేయాలి. తోలు బూటయితే వెడల్పు సాగదీయవచ్చు: సర్జికల్ స్పిరిట్, నీళ్లు సమపాళ్లలో కలిపి లోపలి వైపు తడిపి, మరతో విచ్చుకునే చెక్క అచ్చు పెట్టి, పూటకు ఒక చుట్టు చొప్పున తిప్పుతూ రెండు రోజులు ఉంచాలి. రంగు పోతుందేమో మూల ఒకచోట ముందు చూసుకోవాలి. బుడిపె ఒక్కటే తగులుతుంటే చెప్పులు కుట్టేవాళ్ల దగ్గర ఆ ఒక్కచోటే ఉబ్బించే పటకారు ఉందేమో అడగాలి. పొడవు మాత్రం ఎవరూ సాగదీయలేరు. వల గుడ్డ మీద ప్లాస్టిక్ పొర అతికించిన బూట్లు సాగినట్టే సాగి వెనక్కి వస్తాయి. లోపల వాన తడవని పొర ఉన్నవాటిని సాగదీస్తే ఆ పొర చిరిగి, మొదటి వానకే తడిసిపోతాయి.

వంపు దిగిన కాళ్లకు సాగిన లిగమెంటును వెనక్కి తేలేం కానీ, కండ బలపడితే భారం పంచుకుంటుంది. కుర్చీలో కూర్చుని, వేళ్లు ముడవకుండా, బొటనవేలి బుడిపెను మడమ వైపు లాక్కున్నట్టు చేసి అయిదు సెకన్లు పట్టి వదలాలి. కాలికి పదేసి సార్లు. వేళ్లు ముడుచుకుంటున్నాయంటే తప్పుగా చేస్తున్నట్టే. దాంతోపాటు మెట్టు అంచున నిలబడి మడమలు ఎత్తి దించడం. ఒక్క కాలి మీద మడమ ఎత్తలేకపోతే, చీలమండ లోపలి వైపు నొప్పి ఉంటే, టిబియాలిస్ టెండన్ దెబ్బతిని ఉండొచ్చు. అది వ్యాయామంతో పోయేది కాదు, ఎముకల డాక్టరుకు చూపించాలి.

బూట్ల దుకాణానికి కాక డాక్టరు దగ్గరికి

రిజిస్టరులో ఎడమ, కుడి వేర్వేరుగా రాసేది ముఖ్యంగా ఇందుకు. పెరుగుదల ఒక్క కాలికే ఉంటే అది వయసు పని కాదు. ఒక కాలు ఉబ్బి పిక్క నొప్పిగా, వెచ్చగా ఉంటే సిరలో రక్తం గడ్డ ఉండొచ్చు, ఆ రోజే ఆసుపత్రికి పోవాలి. మన కోస్తాలో బోదకాలు సంగతి మరవకూడదు. అది కూడా మొదట్లో సాయంత్రానికి వచ్చి పొద్దునకు తగ్గే వాపులాగే ఉంటుంది. రెండు కాళ్లూ ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడి నిలిచిపోతుంటే గుండె, మూత్రపిండాలు, కాలేయం చూపించుకోవాలి. బీపీకి ఆమ్లోడిపిన్ వాడేవాళ్లకు చీలమండ వాపు ఆ మాత్ర వల్ల కూడా వస్తుంది. మాత్ర సొంతంగా ఆపకుండా రాసిన డాక్టరుకే చెప్పాలి. మందుల గడి రిజిస్టరులో అందుకే పెట్టాం.

షుగర్ ఉన్నవాళ్లకు నియమాలు వేరు. స్పర్శ తగ్గిన కాలికి బూటు నొక్కుతోందో లేదో తెలియదు, "సరిపోయింది" అన్న మాటకు విలువ లేదు. ఇన్‌సోల్ పరీక్ష, టేపు కొలత, నడక తర్వాత అద్దంలో అరికాలు చూసుకోవడం, ఇవే ఆధారం. నొప్పి లేకుండా ఒక పాదం ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బితే లోపల ఎముకలు దెబ్బతింటున్నాయేమోనని అనుమానించాలి. ఆ కాలి మీద బరువు పెట్టకుండా వెంటనే తీసుకుపోవాలి.

మిగిలిన పని

బోర్డుకు సన్‌మైకా వేయాల్సి ఉంది. చెమట తగిలి ప్లైవుడ్ అంచు లేస్తోంది, వేళ్లకు పేడు గుచ్చుకునే ప్రమాదం. గుంటూరువాళ్లకు ఇంకో బోర్డు కావాలి. రెండు బోర్డులూ ఒకేలా చదువుతున్నాయో లేదో చూడటానికి సరిగ్గా 250 మి.మీ. కోసిన అల్యూమినియం పట్టీ ఒకటి చేయించి, ప్రతి కొలతల రోజునా ముందు దాన్ని పెట్టి చూడాలి. రెండో విడత పాదాల కొలతలు మళ్లీ కార్తీకంలోనే, అదే గంటకు, అదే చేతులతో. వేసవి అంకెలను చలికాలపు అంకెలతో పోల్చి ఎవరూ బూట్లు కొనకుండా చూడటం ఈలోపు పని.